మిట్టమధ్యాహ్నం ఐజాజ్ గీసిన ముఖాలు

పున్నారావుకూ పెయింటర్ ఐజాజ్‌కూ మా కొట్టు గోడ దగ్గర జరిగిన తగాదా నేను కళ్ళారా చూశాను. అయిదేళ్ళయింది. గురజాల పోయే రోడ్డు మీద, బస్సులు మళ్ళేచోట నాది టీ కొట్టు. పైన రేకులే గానీ పక్కగోడ మాత్రం రాతిగోడ, పన్నెండడుగుల పొడవు. ఐజాజ్ నన్ను అడిగి ముందురోజే దానికి వెల్ల వేసి, ఆరనిచ్చి, నిచ్చెనెక్కి బొగ్గుతో గీతలు పెట్టుకుంటున్నాడు. పున్నారావు బండి ఆపాడు. మా ఊళ్ళో ఒక నాయకుడి వెంట తిరిగే మనిషి. ఆయన పేరు చెప్పుకుని నా కొట్లో టీలు తాగుతాడు.

"ఎవుర్రా ఈ గోడకి సున్నం కొట్టింది? దిగు కిందికి."

"నేనే అన్నా. చెప్పు, వినపడతంది."

"ఈ గోడ మాది. పోయిన ఎలక్షన్లకి మా అన్న పేరు రాసింది దీనిమీదే. ఈసారి బొమ్మ కూడా పడాల."

నేను ఊరుకోలేదు. "గోడ నాది పున్నారావూ. మీ అన్న దీనికి ఒక్క రాయి మోశాడా?"

"నువ్వుండు బసవమ్మత్తా. మగోళ్ళం మాట్లాడుకుంటన్నాం."

ఐజాజ్ రెండు మెట్లు దిగాడు. గొంతు పెంచలేదు. "రాస్తానన్నా. బొమ్మ కూడా ఏస్తా. మీ అన్న మొహం నాకు కొత్తా ఏంది, పదిహేనేళ్ళ నుంచి గీస్తన్నా. ఎత్తు ఒక్కటి చెప్పు. బస్సు దిగిన ప్రతోడూ ఈ గోడకే నిలబడతాడు. ఇదిగో, నిన్న వేసిన వెల్ల మీద కూడా మరక ఇందాకా ఉంది. మీ అన్న మొహం ఈడికి రావాల్నా, ఇంకొంచెం కిందికా?"

బెంచీ మీద వాళ్ళు గ్లాసులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సరిగ్గా అప్పుడే బస్సు దిగిన ఒక పెద్దమనిషి పంచె సర్దుకుంటూ గోడవైపు వచ్చి, ఇంతమందిని చూసి వెనక్కి తిరిగిపోయాడు. పున్నారావు ఆయన్నీ చూశాడు, మరకనూ చూశాడు. బండి మూడుసార్లు తంతే గానీ స్టార్టు కాలేదు. "మార్కెట్టు గోడ మంచిదన్నా, నీడుంది, ఆడ ఏసిస్తా" అని ఐజాజ్ వెనకనుంచి కేకేశాడు, మర్యాదగానే.

ఆ గోడ మీద అతను గీయబోతున్నది నాయకుణ్ణి కాదు. ఆరోగ్యమ్మను.

ఆరోగ్యమ్మ ఎవరో చెప్పాలి. మా ఊరికి అవతల విడిగా ఉండే పాలెం మనిషి. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి ఇరవయ్యేళ్ళు పోయింది. ఆ ఏడు కోతలప్పుడు పద్నాలుగు మందిని ఎక్కించుకున్న కూలీల ఆటో పొలం దారిలో బోల్తాపడితే ఆమె ఒక్కతే పోయింది. అదే వారంలో ఊళ్ళో ఒక పెద్దింటి ముసలాయన మంచంలో పోయాడు. సెంటర్లో ఆయనకు నలభై ఫ్లెక్సీలు కట్టారు. ఏ స్తంభం చూసినా ఆయనే. ఆరోగ్యమ్మ కొడుకు కాలేబు పంచాయతీలో రోజు కూలీకి వెల్ల వేసేవాడు. తల్లికి ఒక్క చిన్న ఫ్లెక్సీ అన్నా కట్టుకుందామని పోతే, ఫోటో తెమ్మన్నారు. ఉన్నది ఆధార్ కార్డు మీద ఫోటో ఒక్కటే. దాంట్లో ఆమె కళ్ళు మూసుకుని ఉంది, మిగతాది నలుపు.

"ఎవురిదన్నా కానీ, ఇది మా అమ్మది మాత్రం కాదు పెద్దమ్మా" అని కాలేబు ఆ కార్డు నా బల్లమీద పెట్టి ఏడిచాడు. పక్క బెంచీ మీద ఐజాజ్ ఉన్నాడు. కార్డు తీసి చూశాడు. తర్వాత కాలేబు వైపు చూశాడు.

"మీ అమ్మ ముక్కు నీకే వచ్చిందిరా?"

"అంటారన్నా."

"అయితే మూడు రోజులు పొద్దునపూట వచ్చి నా ఎదురుగా కూచో. టీ పిన్నమ్మ పోస్తది."

అట్లా కాలేబును కూర్చోబెట్టుకుని వాడి ముఖంలోంచి తల్లిని తీశాడు. ముక్కూ, దవడా వాడివే. కళ్ళు ఎట్లా ఉండేవని అందరినీ అడిగాడు. నన్ను అడిగితే, కళ్ళ సంగతి తెలియదు గానీ ఆమె టీ గ్లాసు కొంగుతో పట్టుకునేదని చెప్పాను. సీజన్లో మిరపఘాటుకు అరచేతులు మండిపోతుంటే వేడి గ్లాసు పట్టుకోలేక అట్లా పట్టుకునేది. ఐజాజ్ తన గ్లాసును తువ్వాలుతో అట్లా పట్టుకుని చూసి, "ఇంక కళ్ళు దొరికినట్టే పిన్నమ్మా" అన్నాడు. గోడమీద ఆరోగ్యమ్మ రెండు చేతులతో, కొంగులో గ్లాసు పట్టుకుని, ఆవిరి ముఖానికి తగలకుండా కొంచెం పక్కకు తిరిగి, కళ్ళు చిన్నవి చేసి కూర్చుంది. ఒంటికి గేట్లకు పూసే రెడ్ ఆక్సైడులో నలుపు కలిపాడు. కట్టిన చీర ఎరువుల కొట్టు బోర్డుకు వాడగా మిగిలిన పచ్చరంగు. అతని బొమ్మలన్నీ మిగిలిన రంగులే.

కాలేబు ఆ రోజు పొద్దుపోయిందాకా గోడముందే నిలబడ్డాడు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి, బెంచీ అటు తిప్పుకుని, ఆమెను చూస్తూ టీ తాగి పనికి పోయేవాడు. ఆ గోడకు నిలబడేవాళ్ళు కూడా ఆ తర్వాత తగ్గిపోయారు.

ఐజాజ్ తండ్రి అబ్దుల్ గఫార్ సైకిళ్ళు బాగుచేసేవాడు, నమాజు తప్పని మనిషి. ముఖం గీయడం తప్పని, ప్రాణం పోయలేనివాళ్ళు ఆ పని చేయకూడదని ఆయన నమ్మకం. కొడుకు అక్షరాలు రాస్తే సంతోషించాడు. నాయకుల బొమ్మలు కూలీ కోసం గీస్తే కళ్ళు మూసుకున్నాడు. సొంతంగా గీసినవి మాత్రం తండ్రి కంట పడకుండా దాచేవాడు ఐజాజ్. ఆయన పోయాక కూడా ఆ చాటు అలవాటు పోలేదు.

ఐజాజ్‌తో కలిసి బోర్డులు నేర్చుకున్న ఖాజా మొహిద్దీన్ ఇప్పుడు ఫ్లెక్సీల మిషను నడుపుతున్నాడు. ఐజాజ్ పోయిన నలభయ్యో రోజుకు స్నేహితుల మాటలన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తానని, నన్ను కూడా రాయమన్నది అతనే. నేను చదివింది మూడో తరగతి. తప్పులు పుస్తకం వేసేవాళ్ళు దిద్దుకోవచ్చు, మాటలు మాత్రం దిద్దవద్దని చెప్పాను.

మొహిద్దీన్ చెప్పింది ఇది: "మిషను కొన్నప్పుడు మొట్టమొదట వాణ్ణే పిలిచా బసవమ్మత్తా. ఏసీ గదిరా, కూచుని మౌసు తిప్పడమే అన్నా. రెండ్రోజులు కూచున్నాడు. మూడో రోజు లేచి, 'ఈ మొహాలు ఆర్నెల్లకి ఎండకి పాలిపోతాయిరా, పోయినోడు మళ్ళీ పోయినట్టుంటది, నావల్ల కాదు' అని పొయ్యాడు. నాకు కోపం వచ్చింది. నా అన్నం మీద ఉమ్మేసినట్టనిపిచ్చింది. రెండేళ్ళు మాట్లాడలా. కానీ ఎవురన్నా ఫోటో లేకుండా ఏడ్చుకుంటా వస్తే మాత్రం, వాడి దగ్గరికే పంపేవాణ్ణి."

అట్లా వచ్చినవాళ్ళకోసం, ఆరోగ్యమ్మతో కలిపి, అయిదేళ్ళలో పదకొండు గోడలు వేశాడు. రొంపిచెర్ల వైపు నుంచి కూడా ఒక ముసలామె వచ్చింది, బావిలో పూడిక తీస్తూ పోయిన మొగుణ్ణి గీయమని. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఎండాకాలంలోనే వేసేవాడు, అదీ మిట్టమధ్యాహ్నం. మా పల్నాట్లో ఆ వేళ రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. కొట్లు సగం షట్టరు దించుకుంటాయి. మధ్యాహ్నపు జొహర్ నమాజు చేసుకుని, తలకు తడి తువ్వాలు చుట్టుకుని నిచ్చెనెక్కేవాడు. పొద్దు వాలాక అసర్ అజాన్ వినపడగానే దిగేవాడు. జనం సాయంత్రం బయటికొచ్చేసరికి గోడమీద ఒక ముఖం ఉండేది. ఎండలో రంగు డబ్బాల మీద వంగి ఆ ఘాటు పీల్చవద్దని ఎన్నిసార్లు తిట్టానో. "ఈ వేళకి నన్నడిగేటోడు ఉండడు పిన్నమ్మా" అనేవాడు.

అడిగేవాళ్ళు లేకుండా చేసింది ఎండ ఒక్కటే కాదు. మా వైపు గోడలు పార్టీలవి. ఎలక్షన్లకు రెండేళ్ళ ముందే సున్నం కొట్టి, మూల మీద పార్టీ పేరు వేసి, రిజర్వు అని రాసిపెట్టుకుంటారు. ఒకరు రాసిన గోడను ఇంకొకరు ముట్టుకుంటే తలలు పగులుతాయి. పున్నారావు తగాదా అయిన సాయంత్రం నా బెంచీ మీద కూర్చుని కాలేబే అన్నాడు: "రిజర్వు అని నువ్వే రాయన్నా. ఏదో ఒక పార్టీ పేరెయ్యి. ఎవురూ ముట్టుకోరు."

"ఏ పార్టీరా?"

"లేని పార్టీ."

ఐజాజ్ పడీపడీ నవ్వాడు. ఆరోగ్యమ్మ కాళ్ళ దగ్గర మూలకు 'ప.మ.స. రిజర్వు' అని నీలిరంగుతో రాశాడు. తర్వాత వేసిన ప్రతి గోడకూ అదే రాశాడు. ఆ మూడక్షరాలకు అర్థం అతనికీ లేదు. ఎవరన్నా అడిగితే, "విజయవాడ నుంచి ఫోనొస్తదన్నా, నేను గీస్తా. కూలోణ్ణి, నాకేం తెలుసు?" అనేవాడు. ఒక నాయకుడు అది అవతలివాడి ఎత్తనుకున్నాడు. అవతలివాడు ఇవతలివాడిదనుకున్నాడు. అయిదేళ్ళు ఇద్దరి మనుషులూ ఆ పదకొండు గోడల జోలికి రాలేదు. మేము ముగ్గురం టీ గ్లాసులు పట్టుకుని చాలా నవ్వుకున్నాం.

ఈ మార్చిలో ఎలక్షన్ కోడ్ వచ్చింది. కోడ్ వస్తే గోడల మీద ఏ పార్టీ పేరూ కనపడకూడదు. పంచాయతీ మనుషులకు ఒక్క రోజు గడువిచ్చారు. 'ప.మ.స. రిజర్వు' అని ఉన్న గోడలన్నీ వాళ్ళ లిస్టులో ఎక్కాయి. అది పార్టీ కాదని ఐజాజ్ ఎట్లా చెబుతాడు? చెబితే అయిదేళ్ళు ఇద్దరు నాయకులనూ వెర్రివాళ్ళను చేశానని ఒప్పుకున్నట్టే. ఊరంతా పోలీసులు, ఇంటికి రెండు కర్రలు దాచుకున్న రోజులు. పీరాంబీ, అతని భార్య, గుమ్మానికి అడ్డంగా కూర్చుని "నోరు తెరిచావంటే నా మీద ఒట్టు" అన్నదట.

వెల్ల వేసే పని పడింది కాలేబు మీద. వాడే రోజు కూలీ.

పది గోడలు అయ్యాక మధ్యాహ్నం నా గోడకు వచ్చాడు. బకెట్టు కింద పెట్టి తల్లిని చూస్తూ నిలబడ్డాడు. నేను వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను. "నా గోడ. నా మీద కొట్టండి సున్నం" అన్నాను. వెంట వచ్చిన ఆఫీసు మనిషి మర్యాదగానే చెప్పాడు: "అమ్మా, అడ్డం నిలబడితే కేసు నీ మీద పడుద్ది. కొట్టుకి తాళం ఏస్తారు. ఆలోచించుకో."

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేను ఆలోచించుకున్నాను. పక్కకు తప్పుకున్నాను.

కాలేబు నిచ్చెనెక్కాడు. నిచ్చెన వణుకుతుంటే ఎక్కణ్ణుంచి వచ్చాడో ఐజాజ్ వచ్చి కింద పట్టుకున్నాడు. పైన ఒకడు తల్లికి సున్నం పూస్తుంటే, కింద ఆమెను గీసినవాడు నిచ్చెన కదలకుండా పట్టుకున్నాడు. ముందు నుదురు పోయింది, తర్వాత కళ్ళు. గ్లాసు పట్టుకున్న చేతులు అన్నిటికన్నా చివర పోయాయి.

నేను తప్పుకున్న సిగ్గంతా నోట్లోకి వచ్చింది. దిగిన కాలేబుతో అన్నాను: "కన్నతల్లి మొహానికి సున్నం కొట్టిన చేత్తో ఇంక నా కొట్లో గ్లాసు ముట్టుకోబాక."

మా ఊళ్ళో కాలేబు వాళ్ళకు గ్లాసు ముట్టుకోవద్దనే మాట ఎంత పాత దెబ్బో నాకు తెలియంది కాదు. వాడి తాతకు కొబ్బరిచిప్పలో టీ పోసినవాళ్ళు ఉన్నారు. వాడు నా వైపు చూడలేదు. బకెట్టు తీసుకుని పోయాడు. ఆ రోజు నుంచి నా కొట్టు ముందు నడవలేదు, చుట్టు తిరిగి వెనక సందులో పోతున్నాడు. ఐజాజ్ నన్ను చూసిన చూపు మాత్రం ఇప్పటికీ నా మీదే ఉంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఫోన్లలో ఫోటోలు లేవా అని అడుగుతారు. ఐజాజ్ పోయాక గుంటూరు నుంచి వచ్చిన ఒక కాలేజీ పిల్ల కూడా అదే అడిగింది. అతన్ని అండర్‌గ్రౌండ్ ఆర్టిస్టు అంటారని ఆ పిల్లే చెప్పింది. మావైపు అండర్‌గ్రౌండ్ అంటే పోలీసులు వెతికేవాళ్ళమ్మా, అట్లా రాయబాకు, ఇతను నెత్తిన ఎండ పెట్టుకుని నిచ్చెన మీదే ఉన్నాడు అన్నాను. ఫోటోలంటే, రోజూ ఎదురుగా ఉండే గోడను ఎవరు తీసుకుంటారు? తీసినవాళ్ళు కూడా తమ ముఖం అడ్డం పెట్టుకుని తీసుకున్నారు. ఒకదాంట్లో ఆరోగ్యమ్మ మోచేయి ఉంది, ఇంకోదాంట్లో చీర కుచ్చెళ్ళు. ముఖం ఎక్కడా లేదు. ఆమె ముఖం లోకంలో ఉన్నది ఆ గోడ మీదే.

గోడలు పోయాక ఐజాజ్ కుంచె పట్టలేదు. దగ్గు ముందునుంచీ ఉన్నదే, ఏప్రిల్లో మంచానికి తెచ్చింది. మొహిద్దీనే కారు మాట్లాడి నరసరావుపేట ఆస్పత్రిలో చేర్పించాడు. ఊపిరితిత్తులు రంగుల వాసనకు గట్టిపడిపోయాయని డాక్టరు చెప్పాడట. రోహిణి కార్తెలో, సరిగ్గా అతను నిచ్చెనెక్కే వేళకు పోయాడు.

"నా జన్మలో పదివేల మొహాలు కొట్టా" అన్నాడు మొహిద్దీన్ ఆ రోజు పీరాంబీ గుమ్మం ముందు కూర్చుని. "వాడిదొక్కటి కొడదామంటే ఫోటో లేదు. వాడు ఎప్పుడూ గోడవైపే తిరిగుండె. ఒక్క ఫోటో ఉంది, అందులో వీపు కనపడతంది. వీపుకి ఫ్లెక్సీ ఎట్టా కట్టేది అత్తా?"

ఖబరస్తాన్‌కు మోసుకుపోతుంటే నేను రోడ్డు మీద నిలబడ్డాను. కాలేబు అందరికన్నా ముందే వచ్చి, పార పట్టుకుని గేటు దగ్గర ఉన్నాడు. నన్ను చూసి గేటు లోపలికి జరిగాడు. పిలవాలని నోరు తెరిచాను. అందరినీ కడిగేసే నోరు, ఆ ఒక్క పేరు పలకలేకపోయింది.

ఐజాజ్ పోవడానికి తొమ్మిది రోజుల ముందు ఆస్పత్రికి పోయాను. పీరాంబీ బ్రెడ్డు తేవడానికి కిందికి దిగింది. మాట్లాడితే ఆయాసం. అయినా మాట్లాడాడు.

"కాలేబు వస్తన్నాడా పిన్నమ్మా, కొట్టుకి?"

"రాడు. రావద్దన్నాగా."

"నిచ్చెన ఎందుకు పట్టుకున్నానో తెలుసా?"

"వాడు పడతాడని."

"బకెట్టు చూద్దామని." చాలాసేపు దగ్గాడు. నేను నీళ్ళు తాగించాను. "ఆ సున్నంలో జిగురు లేదు పిన్నమ్మా. చిటికెడు ఉప్పన్నా లేదు. వట్టి సున్నం నీళ్ళు. ఇరవయ్యేళ్ళ నుంచి వెల్ల వేసేవాడు జిగురు మర్చిపోతాడా? నా రంగు ఎనామిలు, నూనె రంగు. దానిమీద వట్టి సున్నం పట్టదు, ఊరికే కూచుంటది. వేలు పెట్టి రుద్ది చూశా. వేలి కింద పచ్చచీర కనపడింది. ఆరోగ్యమ్మ ఆడే ఉంది. పదకొండు మందీ ఆడే ఉన్నారు. వాడు ఎవురినీ చంపలా, దుప్పటి కప్పాడంతే."

నేను మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను.

"వాడెందుకు చెప్పలేదయ్యా నాకు? అంత మాటన్నాను."

"నువ్వు చెప్పనిచ్చావా?"

కిటికీలోంచి చూశాడు. బయట మబ్బులేమీ లేవు గానీ అతను చూసింది వానకోసమేనని తర్వాతి మాటకు అర్థమైంది.

"కోడ్ ఎత్తేసినాక, వానలు పడకముందే ఒక పని చెయ్యి. వాన దానంతట అది కడిగితే వాడికేం మిగలదు. ఎవురో కడిగితే అసలే మిగలదు. నువ్వు పాలేనికి పో. మనిషిని పంపబాక, నువ్వే పో. వాడు రానంటాడు, గుమ్మంలో కూచో, వచ్చిందాకా లేవబాక. తీసుకొచ్చి, తడి గోనెపట్టా వాడి చేతికియ్యి. వాళ్ళమ్మ మొహం మీద సున్నం వాడే తుడుచుకోవాల. నువ్వు పక్కనే నిలబడు పిన్నమ్మా. బకెట్టు పట్టుకో. ఆమె కళ్ళు కనపడిందాకా మాత్రం, నీకు దణ్ణం పెడతా, ఒక్క మాట కూడా మాట్లాడబాక."